గ్రీన్ టీ తాగితే నెల తప్పుతుందా?

పెళ్లై రెండేళ్లయినా కోడలు నీళ్లోసుకోకపోతే మన ఇళ్లలో మొదటి తనిఖీ జరిగేది ఆమె కంచానికీ, కప్పుకీ. బొప్పాయి తిన్నావా, నువ్వులు నమిలావా, ఉలవచారు ఎక్కువ పోసుకున్నావా అన్న పాత జాబితాలోకి ఈమధ్య గ్రీన్ టీ కూడా వచ్చి చేరింది. "ఆ పచ్చనీల్లు మానీ అమ్మీ, వొంటికి వేడి సేస్తాది. కడుపెలాగ నిలబడతాది?" అని అత్త అంటుంది. విశాఖలో ఉద్యోగం చేస్తున్న ఆడపడుచు ఫోన్లో సరిగ్గా ఎదురుమాట చెబుతుంది. "మానకు వదినా, గర్భసంచి శుభ్రమైపోద్ది. బరువు తగ్గుతావు, పీసీఓడీ కూడా పోద్దంట."

ఇద్దరిదీ ప్రేమే. ఇద్దరి నమ్మకమూ ఒకటే: ఆ కప్పుకి గర్భాన్ని ఆపేంత బలమో, తెచ్చేంత బలమో ఉందని. నిజానికి ఉన్న బలం చాలా కొద్ది. అయితే ఆ కొద్దిలోనే శ్రీకాకుళం, విజయనగరం ఆడవాళ్లకు బాగా పనికొచ్చే సంగతి ఒకటుంది. దాన్ని అత్తగారూ చెప్పలేదు, ఆడపడుచూ చెప్పలేదు.

కప్పులో ఏముంది

గ్రీన్ టీకి వేరే మొక్క లేదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో మరిగే పాల టీ పొడీ, మందుల షాపు అద్దాల బీరువాలో మెరిసే గ్రీన్ టీ సంచులూ ఒకే మొక్క ఆకులు. ఆ మొక్క పేరు కమేలియా సైనెన్సిస్. కోసిన ఆకును నలిపి గాలికి వదిలితే అందులోని ఎంజైములు పనిచేసి ఆకు ఎర్రబడి, ఆపైన నల్లబడుతుంది. అది మన మామూలు టీ. కోసిన వెంటనే జపాన్‌ వాళ్లలా ఆవిరి పట్టించో, చైనా వాళ్లలా పెనం మీద వేయించో ఆ ఎంజైముల పని ఆపేస్తే ఆకు పచ్చగానే ఉండిపోతుంది. రంగుతో పాటు కేటెచిన్లు అనే పదార్థాలు కూడా మారకుండా మిగులుతాయి. వాటిలో పేరు మోసింది ఈజీసీజీ. రెండు గ్రాముల ఆకును రెండు మూడు నిమిషాలు వేడినీళ్లలో నానబెడితే కప్పులోకి ఇది 50 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా దిగుతుంది. కెఫీన్ 30 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది.

కప్పులోకి దిగిందంతా ఒంటికి పట్టదు. ఈజీసీజీలో పేగు దాటి రక్తంలో చేరేది బహు స్వల్పం. ప్రయోగశాలలో గాజుపళ్లెంలోని అండాశయ కణాల మీదో, వీర్యకణాల మీదో పోసే మోతాదు చాలాసార్లు మనిషి రక్తంలో కనిపించేదానికి పదుల రెట్లు ఉంటుంది. గ్రీన్ టీ వీర్యకణాలకు చురుకు పుట్టిస్తుందనీ, అండాలను చెడగొడుతుందనీ వచ్చే వార్తల్లో చాలావాటికి పుట్టిల్లు ఆ గాజుపళ్లెమే. అలాంటి వార్త కనబడితే ముందు చూడాల్సింది ఒకటే: పరీక్ష జరిగింది మనిషి మీదా, ఎలుక మీదా, పళ్లెంలోనా?

అత్తగారి 'వేడి' మాటను కూడా ఊరికే కొట్టిపారేయనక్కర్లేదు. పరగడుపున గాఢంగా కాచిన గ్రీన్ టీ తాగితే కడుపులో మంట, తిప్పడం, కొందరికి గుండెదడ రావడం నిజమే. ఆమె చూసింది దాన్నే. అయితే ఆ మంట ఉండేది జీర్ణాశయంలో. గర్భాశయానికి దానితో సంబంధం లేదు. టీ తాగినంత మాత్రాన గర్భాశయం వేడెక్కదు, ఆడపడుచు చెప్పినట్టు శుభ్రమూ కాదు. దాన్ని శుభ్రం చేసే పని ప్రతి నెలా ముట్టు చేస్తూనే ఉంది.

కెఫీన్ మీద కేసు

కెఫీన్ మీద అనుమానం మాత్రం సాక్షాత్తూ శాస్త్రవేత్తలు లేవనెత్తిందే. 1988 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో అమెరికా పరిశోధకులు అలెన్ విల్‌కాక్స్, క్లారిస్ వైన్‌బర్గ్, డోనా బెయిర్డ్ ఒక వ్యాసం ప్రచురించారు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 104 మంది స్త్రీలను గమనిస్తే, రోజుకు ఒక కప్పు కాఫీకి సరిపడే కెఫీన్‌ను మించి తీసుకునేవాళ్లకు ఏ నెలలోనైనా గర్భం వచ్చే అవకాశం మిగతావాళ్లలో సగమేనని తేలింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది. నేటికీ గర్భం కావాలంటే టీ, కాఫీ మానమని చెప్పేవాళ్ల వెనక తెలిసో తెలియకో ఆ 104 మందే ఉన్నారు.

తర్వాత కథ అడ్డం తిరిగింది. 1998లో కాలిఫోర్నియాలో బెట్టీ కాన్ బృందం 187 మందిని పరిశీలిస్తే మొత్తం కెఫీన్‌తో తేడా ఏమీ కనబడలేదు. పైగా రోజుకు అర కప్పో, అంతకు మించో టీ తాగేవాళ్లకు గర్భం వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు కనబడింది! 2012లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం వీటికంటే చాలా పెద్దది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 3,628 మంది స్త్రీలు అందులో ఉన్నారు. కాఫీ వల్ల నష్టం కనబడలేదు. టీ తాగేవాళ్లు కాస్త ముందున్నారు, కూల్‌డ్రింకులు తాగేవాళ్లు వెనకబడ్డారు.

అయితే టీ గర్భం తెస్తుందా? ఇక్కడ తొందరపడకూడదు. ఈ అధ్యయనాల్లో ఎవరికీ పనిగట్టుకుని టీ తాగించలేదు. తాగేవాళ్లనూ తాగనివాళ్లనూ పోల్చి చూశారంతే. కూల్‌డ్రింకు మీద బతికే మనిషి జీవితమూ, టీ తాగే మనిషి జీవితమూ మిగతా అన్ని విషయాల్లో ఒకలాగే ఉండవు కదా. విజయనగరంలో డబ్బు పెట్టి గ్రీన్ టీ పెట్టె కొనే ఆమె పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద నడిచే మనిషి కూడా కావచ్చు, బరువు చూసుకునే మనిషి కావచ్చు, ముట్టు తప్పితే డాక్టరు దగ్గరికి పోగలిగిన మనిషి కావచ్చు. ఇవన్నీ కలిసి చేసిన మేలు కప్పు ఖాతాలో పడిపోతుంది.

కెఫీన్ సంగతి ఇప్పుడు స్థూలంగా తేలినట్టే. గర్భం కోసం చూస్తున్నవాళ్లూ, గర్భిణులూ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని చాలా దేశాల వైద్యసంఘాలు చెబుతున్నాయి. దీనికి ముఖ్య కారణం గర్భం రావడం, రాకపోవడం కాదు. కెఫీన్ మరీ ఎక్కువైతే వచ్చిన గర్భం పోయే ప్రమాదం కొంత పెరుగుతుందన్న ఆధారాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు రెండు మూడు కప్పుల దగ్గర ఆగేవాళ్లు ఆ గీత దాటరు.

ఆడపడుచు వాదానికి మూలం కూడా వెతికితే దొరుకుతుంది. 2006లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్ వెస్ట్‌ఫాల్ బృందం 93 మంది స్త్రీల మీద ఒక పోషక మిశ్రమాన్ని పరీక్షించింది. మూడు నెలల్లో మిశ్రమం తీసుకున్న 53 మందిలో 14 మందికి గర్భం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 40 మందిలో నలుగురికి వచ్చింది. తేడా చెప్పుకోదగ్గదే. కాకపోతే ఆ మిశ్రమంలో గ్రీన్ టీ సారం ఒక్కటే లేదు. వావిలి జాతికి చెందిన చేస్ట్‌బెర్రీ, ఆర్జినిన్, విటమిన్లు, ఇనుము, జింకు లాంటి ఖనిజాలు కూడా ఉన్నాయి. పదిమంది మోసిన పల్లకీకి ఒక్క బోయీ పేరు పెట్టి "గ్రీన్ టీతో సంతానం" అని ప్రచారం చేసుకున్నారు.

పీసీఓడీ అనే అండాశయాల సమస్య మాటకొస్తే, 2006లోనే హాంకాంగ్‌లో ఆ సమస్యతో పాటు అధిక బరువున్న 34 మందికి మూడు నెలలు గ్రీన్ టీ గుళికలో, ఉత్తుత్తి గుళికలో ఇచ్చి చూశారు. బరువులో గానీ హార్మోన్లలో గానీ లెక్కలోకి వచ్చే తేడా రాలేదు. ఇరాన్‌లో 2017లో చేసిన పరీక్షలో కొంత మెరుగు కనిపించింది. రెండూ చిన్నవే. పీసీఓడీ ఉన్నవాళ్లు చక్కెర వేసిన పాల టీ రోజుకు నాలుగైదు కప్పులు తాగేవాళ్లైతే, దాని బదులు చక్కెర లేని గ్రీన్ టీ తాగితే ఒంట్లోకి చేరే చక్కెర తగ్గుతుంది. ఆ మేలు చక్కెర మానడం వల్ల వచ్చింది. ఆకు వల్ల వచ్చిందని అనుకోకూడదు.

అసలు లెక్క ఇనుముది

ఇప్పుడు అత్తా ఆడపడుచూ ఇద్దరూ వదిలేసిన సంగతికి వద్దాం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటే ఆరుగురి రక్తం పలచన అన్నమాట. అత్తగారు కోడలి కప్పులో వెతికే లోపం చాలా ఇళ్లలో కోడలి రక్తంలో ఉంది. అత్తగారి రక్తంలో కూడా ఉండి ఉంటుంది.

మన కంచంలో ఇనుము లేదని కాదు. తోటకూర, మునగాకు, చోడి అంబలి, పప్పు, అన్నం, అన్నిట్లోనూ ఎంతో కొంత ఉంది. కానీ మొక్కల నుంచి వచ్చే ఇనుము మొహమాటస్తురాలు. మాంసంలో, చేపలో ఉండే ఇనుములో ఒక భాగం హీమ్ అనే తొడుగులో ఉంటుంది, దాన్ని పేగు తేలిగ్గా లోపలికి తీసుకుంటుంది. ఆకుకూరల ఇనుముకి ఆ తొడుగు లేదు. దారిలో ఎదురైన ప్రతి పదార్థమూ దాన్ని పట్టుకోగలదు. గట్టిగా పట్టుకునేవాటిలో ముఖ్యమైనవి టీలోని కేటెచిన్లు, టానిన్ల వంటి పాలీఫినాల్సే.

ఎంత గట్టిగానో ఇంట్లోనే చూడొచ్చు. ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రను నూరి, పాలు కలపని టీలో వేసి కలపండి. చూస్తుండగానే టీ నల్లబడుతుంది. కాగితాల మీద కలం ముంచి రాసిన రోజుల్లో మనవాళ్లు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసుకునేది ఈ రసాయన చర్యతోనే. అన్నభేది అంటే ఇనుపలవణం, కరక్కాయ అంటే టానిన్ల మూట. ఇనుము ఎక్కువున్న బోరునీళ్లతో టీ పెడితే డికాషన్ నల్లగా దిగడం మన ఊళ్లలో చాలామంది చూసే ఉంటారు. అన్నంతో పాటు టీ తాగినప్పుడు కడుపులో జరిగేది కూడా అదే. ఇనుము, టానిన్ కలిసి కరగని పదార్థంగా మారతాయి. కరగనిది పేగు గోడ దాటదు. అలాగే బయటికి పోతుంది.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. 1975లో దక్షిణాఫ్రికా పరిశోధకులు గట్ అనే పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో పునాదిరాయి. వాళ్లు పరీక్షకు పెట్టిన భోజనాల్లో బంగాళాదుంప, ఉల్లి చారుతో అన్నం కూడా ఒకటి. మన కంచానికి దగ్గరి చుట్టమే. టీ తాగితే ఆ భోజనంలోని ఇనుము ఒంటికి పట్టడం బాగా తగ్గింది. విటమిన్ సి కలిపినా తగ్గుదల పూర్తిగా పోలేదు. కాబట్టి గ్రీన్ టీలో నిమ్మకాయ పిండుకున్నంత మాత్రాన లెక్క సరిపోయిందనుకోవద్దు. నిమ్మకాయ పప్పులో పిండుకుని, టీని తర్వాతకి వాయిదా వేసుకోవడం మేలు.

1999లో రిచర్డ్ హరెల్ బృందం రొట్టె భోజనంతో మామూలు టీ ఇచ్చి కొలిస్తే ఇనుము పట్టడం 79 నుంచి 94 శాతం దాకా పడిపోయింది. టీలో పాలు కలిపినా పెద్ద తేడా రాలేదు. 2001లో ఇంకో బృందం భోజనంలో గ్రీన్ టీ సారం కలిపి చూసింది. అక్కడ ఒంటికి పట్టే ఇనుము 12 శాతం నుంచి 9 శాతం దగ్గరికి తగ్గింది. రెండు పరీక్షల పద్ధతులు వేరు గనక అంకెల్ని పక్కపక్కన పెట్టి పందెం వేయకూడదు గానీ, ఒకటి మాత్రం స్పష్టం. కోడలి పచ్చ కప్పుని అనుమానంగా చూస్తూ, అన్నం తినగానే తాను ఊదుకుంటూ తాగే పాల టీని అత్తగారు నిర్దోషి అనుకోవడానికి వీల్లేదు.

ఇనుము తగ్గితే గర్భం రాదా? అంత సూటిగా చెప్పలేం. 2006లో అమెరికా నర్సుల అధ్యయనంలో 18,555 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, ఐరన్ మాత్రలు వాడేవాళ్లలో అండం విడుదల కాకపోవడం వల్ల వచ్చే సంతానలేమి 40 శాతం తక్కువగా కనబడింది. టీ విషయంలో వేసిన ప్రశ్నే ఇక్కడా వేయాలి: మాత్ర వేసుకునేవాళ్లు మొదటినుంచీ ఒళ్లు చూసుకునేవాళ్లేమో? కాబట్టి దీన్నొక సూచనగానే తీసుకుందాం. గర్భం వచ్చాక జరిగేదానిలో మాత్రం సందేహం లేదు. రక్తహీనతతో గర్భం మొదలైతే నెలలు నిండక ముందే కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువ పుట్టడం, కాన్పులో రక్తం పోతే తల్లి తట్టుకోలేకపోవడం, ఈ ప్రమాదాలన్నీ పెరుగుతాయి. నెల తప్పాక మొదలుపెట్టే మాత్రల కంటే నెల తప్పకముందే నింపుకున్న ఇనుము నయం.

ఇందుకు టీ మానక్కర్లేదు. వేళ మార్చుకుంటే చాలు. 2017లో ఇంగ్లండులో 12 మంది మీద చేసిన చిన్న పరీక్షలో, భోజనం అయ్యాక గంట ఆగి టీ తాగితే ఆటంకం సగానికి సగం తగ్గింది. జాతీయ పోషకాహార సంస్థ కూడా భోజనానికి కనీసం గంట ముందూ, గంట తర్వాతా టీ కాఫీలు వద్దని 2024లో స్పష్టంగా రాసింది. ఈ సంస్థ 1918లో పుట్టింది తేయాకు తోటల మధ్య, నీలగిరుల్లోని కూనూరులో. 1958లో హైదరాబాదు వచ్చింది. తేయాకు కొండల్లో పుట్టిన సంస్థే ఈ మాట చెప్పడం తమాషాగా ఉంటుంది.

పలాస జీడి పరిశ్రమలో పిక్కలు ఒలిచే ఆడవాళ్లకు గంట ఆగడమంటే చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. కూలీకి టీ అంటే విశ్రాంతి కూడా. అలాంటప్పుడు పదింటి టీ, నాలుగింటి టీ అలాగే ఉంచుకుని, క్యారేజీ విప్పినప్పుడు మాత్రం టీ జోలికి పోకుండా ఉంటే చాలు. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్ర సంగతి ఇంకా ముఖ్యం. కడుపులో తిప్పుతుందని దాన్ని టీతో మింగేవాళ్లున్నారు. అది మాత్రను సిరా చేసుకుని మింగడమే. మంచినీళ్లతోనో, నిమ్మరసంతోనో, రాత్రి పడుకోబోయే ముందో వేసుకోవాలి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిజన గ్రామాల్లో మాత్రలు వాడినా రక్తం పెరగకపోతే సికిల్ సెల్ పరీక్ష చేయించుకోవాలి. ఆ జబ్బుకి ఐరన్ మాత్ర మందు కాదు.

ఆ ఎర్రమాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బిడ్డ వెన్నుపాము, మెదడు రూపుదిద్దుకునే నాళం గర్భం వచ్చిన నాలుగు వారాల్లోపే మూసుకుపోవాలి. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. అందుకే గర్భం కోసం చూస్తున్నప్పటినుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు. గ్రీన్ టీ దీనికీ కొంచెం అడ్డుపడుతుంది. 2005లో స్పెయిన్‌లోని ముర్సియా విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్ కలిసి, ఫోలేట్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమును ఈజీసీజీ అడ్డుకోగలదని చూపించాయి. 2008లో ఏడుగురి మీద చేసిన ఇంకో పరీక్షలో 400 మైక్రోగ్రాముల మాత్రను నీళ్లతో కాక గ్రీన్ టీతో ఇస్తే రక్తంలోకి చేరిన ఫోలేట్ నాలుగో వంతుకు పైగా తగ్గింది. ఏడుగురంటే మరీ తక్కువే. అయినా జాగ్రత్తకి పైసా ఖర్చు లేదు: మాత్రకీ టీకీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉంచుకోవాలి. రోజుకు ఆరేడు కప్పులు తాగే అలవాటుంటే ఈ నెలల్లో రెండుకి తగ్గించుకోవాలి.

కప్పు వేరు, గుళిక వేరు

ఇంతవరకూ చెప్పింది కప్పు గురించి. గ్రీన్ టీ సారం పేరుతో వచ్చే గుళికలది వేరే లోకం. ఈజిప్టులో గర్భాశయంలో కండగడ్డలున్న స్త్రీలకు రోజుకు 800 మిల్లీగ్రాముల గ్రీన్ టీ సారాన్ని నాలుగు నెలలిచ్చిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. గడ్డల పరిమాణం సుమారు మూడో వంతు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో గడ్డలు పెరిగాయి. పరీక్ష పూర్తి చేసింది 33 మందే అయినా ఫలితం ఆసక్తికరమైనదే. దీన్ని ఆధారం చేసుకునే అమెరికాలో గడ్డలతో పాటు కారణం తెలియని సంతానలేమి ఉన్న స్త్రీలపై పెద్ద పరీక్ష రూపొందించారు.

కానీ మోతాదు పెరిగాక అది పానీయం కాదు, మందు. మందుకి దుష్ఫలితాలుంటాయి. రోజుకు 800 మిల్లీగ్రాములో, అంతకు మించో ఈజీసీజీని గుళికల రూపంలో తీసుకుంటే కాలేయం దెబ్బతింటున్న లక్షణాలు రక్తపరీక్షలో కనిపిస్తున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కాచుకుని తాగే టీ విషయంలో సాధారణంగా ఆ భయం లేదని కూడా చెప్పింది. ఉద్దానం వాళ్లు ఇంకో అడుగు జాగ్రత్తగా ఉండాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కారణం తేలని మూత్రపిండాల జబ్బు ఎందరినో తినేస్తోంది. ఆ జబ్బు గర్భం వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది, వచ్చిన గర్భాన్ని ప్రమాదంలో పెడుతుంది. ఆ ప్రాంతంలో పిల్లల కోసం చూస్తున్న స్త్రీ ఏ గుళికా, ఏ చూర్ణమూ కొనకముందు చేయించుకోవాల్సింది క్రియాటినిన్ పరీక్ష. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే.

కప్పు చుట్టూ గొడవలో వినబడని మనిషి

ఇంత చర్చలోనూ భర్త తాగే కప్పు గురించి ఎవరూ అడగలేదు. సంతానం ఆలస్యమైన జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కారణం ఒక్కటిగానో, భార్య వైపు కారణంతో కలిసో ఉంటుంది. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నెలల పైచిలుకు పడుతుంది. వృషణాలు ఒంటి వేడికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే ఆ పని సవ్యంగా సాగుతుంది. రోజంతా బాయిలరు ముందో, కొలిమి ముందో నిలబడే మగవాడి ఒంటి వేడి గురించి అత్తగారు కంగారు పడితే అందులో శాస్త్రం ఉంది. గుట్కా, సారా, పొగాకు సంగతి సరేసరి. వీర్యపరీక్ష ఆడవాళ్ల పరీక్షలన్నిటికంటే చవకైనది, నొప్పిలేనిది. అయినా చాలా ఇళ్లలో అది అన్నిటికంటే చివర, భార్యకు నాలుగు స్కానింగులు అయ్యాక జరుగుతుంది.

విల్‌కాక్స్ బృందాన్ని మళ్లీ ఒకసారి తలుచుకోవాలి. కెఫీన్ మీద కేసు పెట్టిన ఆ ముగ్గురే 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇంకో వ్యాసం రాశారు. 221 మంది స్త్రీలు, 625 ఋతుచక్రాలు, 192 గర్భాలు. రోజూ మూత్రం నమూనాలు సేకరించి అండం విడుదలయ్యే రోజును పట్టుకున్నారు. తేలిందేమిటంటే, గర్భం వచ్చినవన్నీ అండం విడుదలైన రోజుతో ముగిసే ఆరు రోజుల్లో కలిసినవాళ్లకే. ఆ రోజు దాటితే ఆ నెలకి లేనట్టే. మొదటి వ్యాసం తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు. రెండోది ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. జనంలో పాకింది మాత్రం మొదటిదే.

ఆ ఆరు రోజుల సంగతి మన తీరానికి చాలా ముఖ్యం. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్ల నుంచి మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్‌కి పోతారు. వర్షాకాలంలో వెళ్లినవాళ్లు ఏడెనిమిది నెలలకు గానీ తిరిగిరారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లకు చిక్కిన మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాతో ఆ కథ రాష్ట్రమంతా తెలిసింది. తెలియని భాగం ఊళ్లో ఉండిపోయిన భార్యలది. భర్త సముద్రం మీదున్న నెలల్లో కూడా "ఇంకా ఏటీ లేదా అమ్మీ?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే. హైదరాబాదుకో చెన్నైకో కట్టడం పనులకు పోయే మగవాళ్ల ఇళ్లలోనూ ఇదే లెక్క.

ఆరోగ్యంగా ఉన్న జంటకు కూడా ఒక్కో నెలలో గర్భం వచ్చే అవకాశం నాలుగైదింట ఒక వంతే. ఏడాది పాటు కలిసి ఉంటే నూటికి 80 మందికి పైగా ఫలిస్తుంది. అందుకే ఏడాది ఆగి పరీక్షలకు రమ్మంటారు. ఆమెకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే రావాలి. ముట్టు సరిగా రాకపోయినా, గతంలో క్షయ వచ్చి ఉన్నా అసలు ఆగకూడదు. మన దేశంలో గర్భనాళాలు మూసుకుపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. కానీ ఆ ఏడాదిని కలిసి ఉన్న నెలలతో లెక్కపెట్టాలి. పెళ్లై మూడేళ్లయిన వెరావల్ జంట కలిసి గడిపింది అంతా కూడితే ఏడాదికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులో ఆ ఆరు రోజులు ఎన్నిసార్లు కలిసొచ్చాయో ఎవరికి తెలుసు? డాక్టరు "పెళ్లై ఎన్నాళ్లయింది?" అని అడిగి "మూడేళ్లు" అని రాసుకుంటే, అవసరం లేని మందులు అక్కడినుంచే మొదలవుతాయి.

కాబట్టి శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి వెళ్లినా, విజయనగరం ఘోషాసుపత్రికి వెళ్లినా ఇద్దరూ కలిసి వెళ్లండి. ఎన్నేళ్లయిందో చెప్పాక, అందులో ఎన్ని నెలలు ఒకే ఇంట్లో ఉన్నారో కూడా చెప్పండి. ఆమెకు హిమోగ్లోబిన్ పరీక్ష, ఆయనకు వీర్యపరీక్ష మొదటి రోజే రాయమని అడగండి. గ్రీన్ టీ ఇష్టమైతే తాగండి, అన్నానికి గంట ఎడంగా.